మెల్లగా నడిచేవారికి కనిపించే అడవి

అరవై దాటిన వయసులో భార్యాభర్తలం కలిసి, గైడు వెంట కోస్టారికా జాతీయ ఉద్యానాలు చూసొచ్చాం. జంతువుల గురించి రాద్దామని కూర్చుంటే, వాటిని చూపించిన మనుషుల గురించే ఎక్కువ రాయాల్సి వచ్చింది.

అరవై దాటిన దంపతులకు మన ఇళ్లలో ప్రయాణాల జాబితా ముందే ఖరారై ఉంటుంది. కాశీ, రామేశ్వరం, ఓపికుంటే చార్‌ధామ్. పిల్లలు అమెరికాలో ఉంటే నయాగరా, న్యూయార్క్, పిట్స్‌బర్గ్‌లో వెంకన్న గుడి. అందులో అడవి ఉండదు. అడవంటే కొండలెక్కాలి, పాములుంటాయి, మోకాళ్లు సహకరించవు అని పిల్లలూ అంటారు, మనమూ అనుకుంటాం. హ్యూస్టన్‌లో ఉంటున్న మా అమ్మాయి కోస్టారికా మాట ఎత్తగానే మావారు అడిగిన మొదటి ప్రశ్న, ‘‘మెట్లు ఎక్కువుంటాయా తల్లీ?’’ అనే.

వెళ్లి చూశాక నా అభిప్రాయం పూర్తిగా మారిపోయింది. ఉష్ణమండల వర్షారణ్యం పెద్ద వయసువాళ్లు చూడాల్సిన అడవి. అక్కడ చకచకా నడిచిపోయేవారికి ఆకులు తప్ప ఏమీ కనిపించవు. నాలుగడుగులు వేసి, ఆగి, తల పైకెత్తి, చెవి ఒగ్గి వినేవారికి ఒక్కొక్క ప్రాణీ బయటపడుతుంది. ఈ వయసులో మనం ఎలాగూ మెల్లగానే నడుస్తాం. అయితే ఆగినంత మాత్రాన సరిపోదు. ఎటు చూడాలో, దేనికోసం చూడాలో చెప్పే మనిషి పక్కనుండాలి. ఆ మనిషిని తయారుచేయడానికి ఒక దేశం ఎంత శ్రద్ధ పెట్టిందో చెప్పడమే ఈ కథనం ఉద్దేశం.

మన పెరట్లో చెట్లే

కోస్టారికా వైశాల్యం 51,100 చదరపు కిలోమీటర్లు. తెలంగాణలో సగం కూడా ఉండదు. ఒక పక్క పసిఫిక్, మరో పక్క కరీబియన్ సముద్రం, నడుమ అగ్నిపర్వతాల వరుస. భూమ్మీది మొత్తం నేలలో పదివేలకు మూడు వంతులు మాత్రమే ఉన్న ఈ దేశంలో ప్రపంచ జీవజాతుల్లో సుమారు 5 శాతం ఉన్నాయని శాస్త్రజ్ఞుల అంచనా. ఉత్తర, దక్షిణ అమెరికా ఖండాలను కలిపే సన్నటి నేల మీద ఉండటం వల్ల రెండు వైపుల జీవులూ ఇక్కడ కలిశాయి. కొండలెక్కేకొద్దీ, సముద్రం మారేకొద్దీ వాన మారుతుంది, వానతోపాటు అడవీ మారుతుంది. దేశంలో దాదాపు నాలుగో వంతు నేల ఏదో ఒక చట్టపు రక్షణలో ఉంది.

రాజధాని సాన్ హొసే మన కొచ్చి ఉన్న అక్షాంశం మీదే ఉంది. అందుకేనేమో, ఊరు దాటి పల్లె దారి పట్టగానే నాకు పరాయి దేశంలో ఉన్నట్టు అనిపించలేదు. దారి పొడుగునా అరటి తోటలు, కర్రపెండలం చేలు, బొప్పాయి చెట్లు. మన ఊళ్లలో రోడ్లకు నీడనిచ్చే నిద్రగన్నేరు పుట్టిల్లు ఆ ప్రాంతాలే. గుళ్లో పూసే దేవగన్నేరు కూడా అటునుంచి వచ్చిందే. జామ, సీతాఫలం, సపోటా, బొప్పాయి అన్నీ అమెరికా ఖండపు వేడి నేలల నుంచి సముద్రాలు దాటి మన పెరళ్లలో స్థిరపడ్డవి. ‘‘ఇవి మా ఇంటి వెనక ఉన్నాయి’’ అని నేను ఒక్కో చెట్టునూ చూపిస్తుంటే మా గైడు ముచ్చటపడి, ప్రతి మలుపులోనూ ఆపి ‘‘మరి ఇది?’’ అని అడిగేవాడు.

టెలిస్కోపు మోసే మనిషి

మా గైడు నలభై దాటినవాడు. ఇంగ్లిషు తాపీగా, స్పష్టంగా మాట్లాడేవాడు. వాళ్ల తాత పశువుల మేత కోసం అడవి కొట్టినవాడు. తండ్రి అరటి తోటలో కూలి. ఇతను అడవిని చూపించి ఇద్దరు పిల్లల్ని చదివిస్తున్నాడు. ఆ దేశపు గత 70 ఏళ్ల చరిత్రంతా ఈ మూడు తరాల్లో ఉంది.

అతని భుజాన ఎప్పుడూ మూడుకాళ్ల స్టాండు మీద బిగించిన టెలిస్కోపు ఉండేది. మొదట్లో మావారికి అది ఎందుకో అర్థం కాలేదు. మా దగ్గర బైనాక్యులర్స్ ఉన్నాయి కదా అన్నారు. కానీ బైనాక్యులర్స్ వాడటం నేర్చుకోవాలి, చెయ్యి వణక్కూడదు, కళ్లజోడు అడ్డం రాకూడదు. గైడే టెలిస్కోపును గురిపెట్టి, బిగించి పక్కకు తప్పుకుంటే మనం వంగి ఒక్క కన్ను పెడితే చాలు. ఒక కంటికి కాటరాక్ట్ ఆపరేషన్ అయిన మనిషికి ఇంతకన్నా మేలైన సాయం లేదు. మన ఫోను తీసుకుని ఆ అద్దానికి ఆనించి ఫొటో కూడా తీసి ఇస్తారు. మా ఫోనుల్లో ఉన్న మంచి ఫొటోలన్నీ అలా వచ్చినవే.

మొదటి స్లాత్‌ను చూసింది ఆ టెలిస్కోపులోంచే. సెక్రోపియా అనే చెట్టు కొమ్మల సందున ఏదో ఉంది.

‘‘ఏమండీ, అది ఎండిపోయిన గూడులా లేదూ?’’ అన్నాను.

‘‘నువ్వు కన్ను పెట్టి చూడు, గోక్కుంటోంది’’ అన్నారాయన.

నిజంగానే గోక్కుంటోంది. ఎంత నెమ్మదిగా అంటే, చెయ్యి ఒకచోటి నుంచి మరోచోటికి వెళ్లేలోగా మేమిద్దరం వంతులవారీగా చూసేశాం. స్లాత్ తినేది ఆకులు. వాటిలో బలం తక్కువ. అందుకని శక్తిని పొదుపుగా వాడుకుంటుంది. తిన్నది అరగడానికి రోజులకు రోజులు పడుతుంది. వారానికి దాదాపు ఒక్కసారే, విసర్జన కోసం కిందికి దిగుతుంది. ప్రాణానికి ప్రమాదం ఉండేదీ అప్పుడే. దాని బొచ్చులో నాచు పెరుగుతుంది, చిమ్మెటలు కాపురముంటాయి. ఆ నాచు రంగు వల్లే ఆకుల్లో కలిసిపోయి డేగల కంట పడకుండా బతుకుతుంది. ఇవన్నీ గైడు చెబుతుంటే మావారు చిన్న పుస్తకం తీసి రాసుకోవడం మొదలుపెట్టారు. ఉద్యోగం మానేశాక ఆయన అంత ఇష్టంగా ఏదైనా రాసుకోవడం అదే నేను చూడటం.

తలెత్తి చూడాల్సినవి ఎన్నో, తలొంచి చూడాల్సినవీ అన్నే. దారికి అడ్డంగా ఆకుపచ్చ గీత ఒకటి కదులుతోంది. ఆకులు కోసే చీమలు. ఒక్కొక్కటీ తనకన్నా పెద్ద ఆకు ముక్కను నిలువుగా పట్టుకుని పోతోంది. అవి ఆ ఆకుల్ని తినవు. పుట్టలోకి మోసుకెళ్లి, నమిలి, ఆ ముద్ద మీద ఒక రకం బూజును పెంచుతాయి. పుట్టకు తిండి ఆ బూజే. మనిషి నాగలి పట్టడానికి ఎన్నో లక్షల ఏళ్ల ముందే వ్యవసాయం చేస్తున్న జీవులివి. వాటిని దాటేటప్పుడు తొక్కకుండా అడుగు వెయ్యమని గైడు బతిమాలినట్టు చెప్పాడు.

రోడ్డు లేని ఊరు

కరీబియన్ తీరంలో ఉన్న టోర్టుగేరో వెళ్లడానికి రోడ్డు లేదు. పడవ ఎక్కాలి, లేదా చిన్న విమానం. కాలువల్లో పడవ సాగుతుంటే రెండు పక్కలా నీళ్లలోకి వంగిన రాఫియా తాటిచెట్లు, వాటి మొదళ్ల దగ్గర కెయ్‌మన్ మొసళ్లు, ఒడ్డున రెక్కలు ఆరబెట్టుకుంటున్న అన్‌హింగా పక్షులు. తెల్లవారకముందే హౌలర్ కోతుల అరుపులతో మెలకువ వస్తుంది. వాటి గొంతు కిలోమీటర్ల దూరం వినిపిస్తుంది. మొదటిరోజు నేను భయపడి మావారిని లేపాను. పెద్ద వయసువారికి టోర్టుగేరో ఎంతో అనువైన చోటు. కూర్చుని చూడగలిగిన అడవి ఇది. పడవ ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ చెయ్యి అందిస్తే చాలు.

ఇక్కడి ఇసుక తీరానికి జులై నుంచి అక్టోబరు దాకా ఆకుపచ్చ సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. పశ్చిమార్ధగోళంలో ఈ జాతికి ఇంతకన్నా పెద్ద స్థావరం లేదు. ఒకప్పుడు వీటిని మాంసానికీ, యూరప్, అమెరికాల్లో సూప్‌కీ పట్టుకుపోయేవారు. 1950ల్లో ఆర్చీ కార్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఇక్కడికొచ్చి తాబేళ్లకు గుర్తులు కట్టి, అవి ఎక్కడెక్కడికి పోతున్నాయో లెక్కగట్టడం మొదలుపెట్టాడు. ఆ పని కోసం 1959లో ఏర్పడిన సంస్థ నేటికీ సాగుతోంది. 1970ల్లో ఈ తీరం జాతీయ ఉద్యానమైంది. తాబేళ్లను వేటాడి బతికిన ఊరు ఇప్పుడు వాటిని చూపించి బతుకుతోంది.

రాత్రి తీరం మీదికి గైడు లేకుండా ఎవర్నీ వెళ్లనివ్వరు. ఒక గైడు వెంట పదిమందికి మించకూడదు. ముదురు రంగు బట్టలు వేసుకోవాలి. ఫోను, కెమెరా, టార్చి ఏదీ తీయకూడదు. గైడు చేతిలో ఎర్ర దీపం ఒక్కటే. తాబేలు ఎక్కడ ఒడ్డుకొచ్చిందో ముందుగా చూసి కబురు చెప్పడానికి ఊరివాళ్లనే పెట్టారు. దానివల్ల యాత్రికులు తీరమంతా తిరిగి తాబేళ్లను బెదరగొట్టే అవసరం ఉండదు.

చీకట్లో మెత్తటి ఇసుక మీద నడవడం మాకు కష్టమే అయింది. ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని వెళ్లాం. గొయ్యి తవ్వుకునేదాకా దూరంగా ఆపేశారు. గుడ్లు పెట్టడం మొదలయ్యాక దాని ధ్యాస చెదరదు కాబట్టి అప్పుడు దగ్గరికి పిలిచారు. వెనక రెక్కలతో తవ్విన గోతిలోకి తెల్లటి గుండ్రటి గుడ్లు జారుతున్నాయి. ఒక్కో విడతకు వందకు పైగా పెడుతుందట. తర్వాత ఇసుక కప్పి, పైన అటూ ఇటూ పొర్లి, గొయ్యి ఎక్కడుందో తెలియకుండా చేసి, ఆయాసపడుతూ సముద్రంలోకి వెళ్లిపోయింది. మా గుంపులో ఒక్కరూ మాట్లాడలేదు. ఫొటో తీయనివ్వకపోవడం ఎంత మంచిదో అప్పుడే తెలిసింది. అందరం కళ్లతోనే చూశాం.

మన తూర్పు తీరానికి శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఏటా చలికాలం చివర్లో వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు కోస్టారికాకూ వస్తాయి, పసిఫిక్ వైపు ఓస్టియొనాల్ తీరానికి. ఒక్కో సమయంలో వేలకు వేలు ఒకేసారి ఒడ్డెక్కుతాయి. మొదట పెట్టిన గుడ్లను తర్వాత వచ్చిన తాబేళ్లే తవ్వి పాడుచేస్తాయి కాబట్టి, తొలి రోజుల గుడ్లలో కొన్నింటిని తీసుకునే హక్కు ఆ ఊరివాళ్లకు చట్టం ఇచ్చింది. బదులుగా తీరం కాపలా వాళ్లదే.

నిప్పు, నీళ్లు

అరెనాల్ అగ్నిపర్వతం గురించి క్లుప్తంగా చెబుతాను. 1968 జులై 29 దాకా చుట్టుపక్కలవాళ్లకు అదొక మామూలు కొండ. ఆ రోజు పేలి ఊళ్లను తుడిచిపెట్టింది. 87 మంది చనిపోయారు. అప్పటి నుంచి 2010 దాకా ఏదో ఒక స్థాయిలో లావా కక్కుతూనే ఉంది. ఇప్పుడు నిద్రపోతోంది. చుట్టూ అడవి, వేలాడే వంతెనలు, వేడినీటి బుగ్గలు. వంతెన మీద నడుస్తుంటే చెట్ల తలలు మన కళ్లకు సమంగా వస్తాయి. పక్షులు చూడాలనుకునేవారికి ఇదే సరైన చోటు. మోకాళ్ల నొప్పులున్నవారికి ఆ వేడినీళ్లు ఎంత హాయో నేను చెప్పనక్కర్లేదు.

మావారు మాత్రం కొండ కన్నా దాని పక్కనున్న సరస్సు దగ్గర ఎక్కువసేపు నిలబడ్డారు. ఆయన నీటిపారుదల శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. 1979లో ఆనకట్ట పూర్తయ్యాక అరెనాల్ సరస్సు ఇప్పటి రూపానికి వచ్చింది. పాత అరెనాల్ ఊరు మునిగిపోతే జనాన్ని తరలించి కొత్త ఊరు కట్టారు. ఆ నీళ్లు సహజంగా కరీబియన్ వైపు పోవాల్సినవి. వాటిని పసిఫిక్ వైపు మళ్లించి, వరసగా విద్యుత్ కేంద్రాల్లో వాడి, చివరికి వాన తక్కువైన గ్వానాకాస్తేలో వరి, చెరకు పొలాలకు ఇస్తున్నారు. కృష్ణా నీళ్లు పెన్నా ప్రాంతానికి మళ్లించడం చూసిన మనిషికి ఇది బాగా తెలిసిన పనే. ఎగువన అడవి ఉంటేనే చెరువులో పూడిక తక్కువ చేరుతుందన్న లెక్క వాళ్లు గట్టిగా పట్టుకున్నారని ఆయన ఆ సాయంత్రమంతా చెబుతూనే ఉన్నారు.

మబ్బుల్లో నడక

సరస్సు దాటి కొండెక్కితే మోంటెవెర్డే. ఇది జాతీయ ఉద్యానం కాదు, ప్రైవేటు అభయారణ్యం. 1951లో అమెరికాలోని అలబామా నుంచి నలభై మందికి పైగా క్వేకర్లు ఇక్కడికి వలస వచ్చారు. యుద్ధాన్ని నమ్మని మతస్థులు వాళ్లు. సైన్యంలో నమోదుకు ఒప్పుకోనందుకు వాళ్ల కుర్రాళ్లు జైలుకు కూడా వెళ్లారు. 1948లో సైన్యాన్నే రద్దు చేసుకున్న దేశం ఇదని తెలిసి ఇక్కడ స్థిరపడ్డారు. పాడి పెట్టుకున్నారు, చీజ్ చేసి అమ్మారు. ఊటలు ఎండిపోకూడదని కొండ తలమీది అడవిని మాత్రం ముట్టుకోలేదు. 1972లో ఏర్పడ్డ అభయారణ్యానికి ఆ ముందుచూపే పునాది. 1987లో స్వీడన్‌లో ఒక చిన్న బడి పిల్లలు తాము కూడబెట్టిన డబ్బుతో ఇక్కడి అడవిని కొనాలనుకున్నారు. తర్వాత ఎన్నో దేశాల పిల్లలు కలిశారు. ఇప్పుడు దేశంలోని ప్రైవేటు అభయారణ్యాల్లో ఆ పిల్లలు కొన్న అడవే పెద్దది. పిల్లల పేరుతోనే ఉంది.

ఇక్కడి చెట్టు ఒంటి చెట్టు కాదు. కొమ్మ కొమ్మకూ నాచు, ఫెర్న్‌లు, ఆర్కిడ్లు. అవి మబ్బులోని తడిని పీల్చి బతుకుతాయి. మేం వెళ్లింది ఆగస్టులో. ఇక్కడికొచ్చే అందరూ చూడాలనుకునే కెట్సాల్ పక్షి మాకు కనిపించలేదు. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా గూడు పెట్టే కాలంలో వస్తే ఎక్కువగా కనిపిస్తుంది, తర్వాత తిండి కోసం వేరే ఎత్తులకు వెళ్లిపోతుంది. ఆ మాట గైడు ముందే చెప్పాడు, ఆశ పెట్టలేదు.

కెట్సాల్ కన్నా నన్ను బాధపెట్టింది అసలు ఎవరికీ కనిపించని ప్రాణి. మోంటెవెర్డే శిఖరం మీద తప్ప ప్రపంచంలో ఎక్కడా లేని బంగారు రంగు కప్ప ఒకటుండేది. 1987లో నీటి గుంటల దగ్గర వెయ్యికి పైగా చూశారు. 1989లో ఒక్కటంటే ఒక్కటి కనిపించింది. ఆ తర్వాత లేదు. వేడెక్కిన వాతావరణం, కప్పల చర్మాన్ని పట్టే బూజు తెగులు, ఈ రెండింటి మీదా శాస్త్రజ్ఞులకు అనుమానం. కాపలా పెట్టి, కంచె కట్టి, ఒక్క చెట్టూ కొట్టకుండా చూసుకున్న అడవిలోంచి ఒక జాతి అలా పోయింది. మబ్బు ఏటేటా ఇంకాస్త పైకి జరుగుతోందని అక్కడివాళ్లు చెబుతుంటే వినడానికి నాకు కష్టమైంది.

ఆలుమగలు కాపాడిన అడవులు

ఈ దేశపు జాతీయ ఉద్యానాల కథ ఒక జంటతో మొదలైందని నాకు అక్కడికెళ్లేదాకా తెలియదు. ఓలోఫ్ వెస్‌బర్గ్ స్వీడన్ మనిషి. ఆయన భార్య కారెన్ మొగెన్సెన్‌ది డెన్మార్క్. 1950ల్లో నికోయా ద్వీపకల్పంలో చిన్న పొలం కొనుక్కుని పండ్ల చెట్లు వేసుకుని ఉన్నారు. చుట్టూ అడవి మాయమైపోతుంటే, చివరికొసన కాబో బ్లాంకోలో కొంచెం మిగిలింది. దాన్ని కొనడానికి విదేశాల్లోని ప్రకృతి ప్రేమికులకు ఉత్తరాలు రాసి విరాళాలు అడిగారు. 1963లో కాబో బ్లాంకో అభయారణ్యమైంది. దేశంలో పార్కుల శాఖ కూడా ఇంకా పుట్టని రోజులవి. 1975లో ఓసా ద్వీపకల్పంలో మరో అడవిని కాపాడవచ్చేమో చూడటానికి వెళ్లిన ఓలోఫ్‌ను చంపేశారు. అదే ఏడాది అక్కడ కోర్కొవాడో జాతీయ ఉద్యానం ఏర్పడింది. కారెన్ ఆ దేశాన్ని వదిలి వెళ్లలేదు. 1994లో చనిపోయేదాకా అక్కడే ఉండి, తమ భూమిని అడవికే ఇచ్చేసింది.

మరో జంట డేనియల్ జాన్జెన్, విన్నీ హాల్‌వాక్స్. ఇద్దరూ జీవశాస్త్రవేత్తలు. గ్వానాకాస్తేలోని ఎండు అడవి మన నల్లమలలాగా వేసవిలో ఆకు రాల్చే అడవి. మేత బీళ్లుగా మారి, ఏటా నిప్పు పెట్టడంతో అది పోతుంటే, కొనగలిగినంత భూమి కొని, మంటలు ఆపి, అడవి తిరిగి మొలిచేలా చేశారు. నా దృష్టిలో వాళ్లు చేసిన అసలు గొప్ప పని వేరే ఉంది. 1989 నుంచి చుట్టుపక్కల పల్లెల మనుషుల్ని, పెద్దగా చదువుకోనివాళ్లను కూడా, పురుగుల్నీ మొక్కల్నీ సేకరించి గుర్తుపట్టేలా తీర్చిదిద్దారు. సైన్సుకు తెలియని జాతులు ఎన్నో వాళ్ల చేతుల మీదుగా బయటపడ్డాయి.

అడవికి జీతం

ఇంత అడవి ఎప్పుడూ ఉండిపోయిందనుకుంటే పొరపాటు. అమెరికాకు గొడ్డుమాంసం ఎగుమతి కోసం 1950ల నుంచి ఎడాపెడా కొట్టేశారు. 1980ల నాటికి దేశంలో అడవి నాలుగో వంతు దరిదాపులకు పడిపోయింది. ఇవాళ మళ్లీ సగానికి పైగా ఉంది. ఉష్ణమండలంలో అడవి నరకడాన్ని ఆపి, వెనక్కి తిప్పిన దేశాలు చాలా తక్కువ.

1996లో తెచ్చిన అటవీ చట్టం సొంత భూమిలో ఉన్న అడవిని కూడా వేరే పనికి మార్చడాన్ని నిషేధించింది. నిషేధంతో వదిలిపెట్టలేదు. అడవిని ఉంచిన రైతుకు ఏటా డబ్బిచ్చే పథకం 1997లో మొదలైంది. కార్బన్ పీల్చినందుకు, నీటిని కాపాడినందుకు, జీవజాతులకు చోటిచ్చినందుకు, చివరికి చూడటానికి అందంగా ఉన్నందుకు. అందానికి విలువ కట్టిన చట్టం అది. ఇందుకు నిధులు పెట్రోలు, డీజిల్ మీద పన్ను నుంచి వచ్చాయి. మా గైడు మామగారికి కొండవాలు మీద ఉన్న కొంచెం భూమి ఈ పథకంలో ఉందట. ఆ డబ్బు పెద్దదేం కాదని, అయితే ఆవుల్ని కొనకుండా ఆపడానికి సరిపోయిందని చెప్పాడు.

గైడు వృత్తికీ అంతే పద్ధతి ఉంది. శిక్షణ పూర్తిచేసి, దేశ పర్యాటక సంస్థ దగ్గర గుర్తింపు కార్డు తీసుకోవాలి. కోర్కొవాడోలోకి గుర్తింపు ఉన్న గైడు లేకుండా అడుగు పెట్టనివ్వరు. మేం మాత్రం అక్కడికి వెళ్లలేదు. సముద్రంలో పడవ మీద పోయి, అలల్లోనే దిగి ఒడ్డెక్కాలి. అది మా వల్ల అయ్యేది కాదు. దానికి బదులు కరారా వెళ్లాం. ఎర్ర మకావ్ చిలుకలు జంటలు జంటలుగా ఎగిరే చోటు. చక్రాల కుర్చీలో ఉన్నవారు కూడా వెళ్లగలిగేలా చదునైన బాట వేశారు.

మాన్యుయెల్ అంటోనియో చిన్నదే అయినా జనం ఎక్కువ. మంగళవారాలు మూసేస్తారు. టికెట్టు ముందే ఆన్‌లైన్‌లో, ఫలానా గంటకని కొనుక్కోవాలి. లోపలికి తినుబండారాలు తీసుకెళ్లనివ్వరు, సంచులు వెతుకుతారు. కోతులకూ రకూన్లకూ మనుషుల తిండి అలవాటైతే వాటి బతుకు పాడవుతుందని. మన దగ్గర కొండ దారుల్లో కారు అద్దం దించి కోతులకు బిస్కెట్లు విసరడం గుర్తొచ్చి నాకు చాలా సిగ్గనిపించింది.

వెళ్లాలనుకునే దంపతులకు

చెల్లుబాటులో ఉన్న, ఎక్కువసార్లు వాడుకోగల అమెరికా పర్యాటక వీసా ఉన్నవారు కోస్టారికాకు విడిగా వీసా తీసుకోనక్కర్లేదు. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి టికెట్టు కొనేముందు ఒకసారి చూసుకోండి. పిల్లల దగ్గరికి వెళ్లినప్పుడే ఈ ప్రయాణం పెట్టుకుంటే హ్యూస్టన్ నుంచి నాలుగు గంటల్లోపే. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా పొడి కాలం, ధరలూ రద్దీ ఎక్కువ. మే నుంచి నవంబరు దాకా వానలు. చాలాచోట్ల ఉదయం తెరిపిగా ఉండి మధ్యాహ్నం వాన పడుతుంది. తాబేళ్లు కావాలంటే వానలకు సిద్ధపడాలి.

మ్యాపులో దూరాలు చిన్నవిగా కనిపిస్తాయి, కొండ దారుల్లో గంటలు పడుతుంది. ఒక్కో చోట కనీసం రెండు రాత్రులు ఉండేలా చూసుకోండి. రోజుకో ఊరు తిప్పే ప్యాకేజీ మనకు పనికిరాదు. పెద్ద బస్సులో ఎక్కువమందికి ఒక గైడు కన్నా, ఖర్చు కాస్త ఎక్కువైనా, చిన్న గుంపు మేలు. పెద్ద గుంపులో టెలిస్కోపు దగ్గర వరసలో నిలబడి మన వంతు వచ్చేసరికి పిట్ట ఎగిరిపోతుంది. పార్కు గేటు బయట రోడ్డు మీద ఆపి నేనే గైడునంటూ వచ్చేవారి కార్డు అడగండి. తెల్లవారుజామునే బయల్దేరండి. సాయంత్రం ఆరుకల్లా చీకటి పడుతుంది.

పట్టు ఉన్న బూట్లు, చేతికర్ర, పొడుగు చేతుల బట్టలు, దోమల మందు తప్పనిసరి. డెంగీ అక్కడా ఉంది. బీపీ, షుగరు మాత్రలు చేతిసంచిలోనే పెట్టుకోవాలి. ఇన్సూరెన్సు తీసుకునేటప్పుడు పాత జబ్బులకు వర్తిస్తుందో లేదో చదివి తీసుకోండి.

తిండికి ఇబ్బంది లేదు. పొద్దున్నే అన్నంలో నల్ల చిక్కుడు గింజలు కలిపి వేయించి పెడతారు. దాన్ని గాయో పింటో అంటారు. మధ్యాహ్నం అన్నం, గింజల కూర, అరటిపండు వేపుడు, కూరగాయలు. బెంగళూరు వంకాయ, కర్రపెండలం ఎక్కడైనా దొరుకుతాయి. శాకాహారులు కొవ్వుతో వండారేమో ముందే అడగాలి. మేం తీసుకెళ్లిన కందిపొడి మాకన్నా మా గైడుకే ఎక్కువ నచ్చింది.

మన అడవుల్లో ఎవరున్నారు?

ఇంటికి తిరిగొచ్చాక నా మనసులో ఒకటే తిరుగుతోంది. మనకు నల్లమల ఉంది. ఏ చెట్టు తేనె ఎప్పుడు వస్తుందో, ఏ అడుగు ఏ జంతువుదో తెలిసిన చెంచులున్నారు. అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో చెంచు యువకులు సఫారీల్లో గైడ్లుగా పనిచేస్తున్నారు. మారేడుమిల్లిలో గిరిజనుల చేతుల మీదుగా వన విహార కేంద్రం నడుస్తోంది. కాకినాడ పక్కన కోరింగ మడ అడవిలో చెక్కల బాట వేశారు, పెద్దవాళ్లు హాయిగా నడవచ్చు. అంటే మనిషీ ఉన్నాడు, బాటా ఉంది. వీటన్నిటికీ కావలసింది ఓ మంచి టెలిస్కోపు, ఏడాదిపాటు గట్టి శిక్షణ, గుర్తింపు కార్డు, నెలనెలా జీతంతో సమానమైన రాబడి. జీపులో గంట తిప్పి ‘పులి కనపడలేదు, పదండి’ అనడం అడవిని చూపించడం కాదు. చీమను కూడా చూపించగలిగితేనే గైడు. ఆ పని చెంచు, కొండరెడ్డి పిల్లలకన్నా బాగా చేయగలవారు ఎవరున్నారు? రెండు రాష్ట్రాల అటవీ శాఖలు దీన్ని వన్యప్రాణి రక్షణలో భాగంగా చూడాలి. వినోదపు పద్దు కింద పెట్టి వదిలేయకూడదు.

కోస్టారికా అందరూ వెళ్లలేరు. కోరింగకు కాకినాడ నుంచి ఆటోలో పోవచ్చు. వచ్చే చలికాలం అమ్మానాన్నలకు గుడి టికెట్లతోపాటు ఓ అడవి టికెట్టు కూడా కొనండి. వెళ్లినచోట గైడు కావాలని కౌంటర్లో గట్టిగా అడగండి, మెల్లగా నడిపించమని చెప్పండి, చూపించిన మనిషికి మంచి డబ్బు ఇచ్చి రండి.